ల్యాప్‌టాప్ స్లో అయింది, తప్పు నాదేనా?

పేరు వెయ్యొద్దని కోరుతూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఆమె ఇంటి నుంచే కొన్ని చిన్న వ్యాపారాలకు లెక్కలు రాసిపెడుతుంటారు. ఆ పనంతా 2018లో కొన్న ల్యాప్‌టాప్ మీదే. ఇంటెల్ ఐ3 ఏడో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. కొన్న కొత్తలో చకచకా పనిచేసేదట. ఇప్పుడు ఆన్ చేశాక పది నిమిషాలకు గానీ దారికి రావడం లేదు. ఎక్సెల్ ఫైలు తెరిస్తే పైన ‘నాట్ రెస్పాండింగ్’ అని పడి తెర తెల్లగా అయిపోతుంది. టైప్ చేసిన అక్షరాలు కాసేపు కనపడకుండా ఉండి ఒక్కసారిగా వచ్చి పడతాయి. పోయిన నెల ఒక క్లయింటుతో వీడియో కాల్‌లో ఉండగా స్క్రీన్ షేర్ చెయ్యబోతే మొత్తం బిగుసుకుపోయింది. "కొత్త కంప్యూటర్ తీసుకోకూడదామ్మా" అన్నారట ఆయన. ఆ మాటకు చాలా చిన్నతనంగా అనిపించిందని రాశారు.

ఇంట్లో తలో మాట. "ఏడేళ్లు దాటింది, దాని ఆయుష్షు అయిపోయింది, కొత్తది కొందాం" అంటారు భర్త. "అమ్మ కనపడిందల్లా నొక్కుతుంది, అందుకే ఇలా తయారైంది" అంటాడు కాలేజీకి వెళ్లే కొడుకు. "ఫార్మాట్ కొడితే కొత్తదానిలా పరిగెడుతుంది" అంటాడు రిపేరు చేసే అతను. పోయిన ఏడాది అతనే ఫార్మాట్ కొట్టాడు. రెండు నెలలు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. ఈలోగా ఏదో ప్రకటన చూసి, కంప్యూటర్ స్పీడు పెంచుతానన్న సాఫ్ట్‌వేర్ ఒకటి వేసుకున్నారు. అది 1,400 తప్పులు దొరికాయని చూపించి, సరిచెయ్యాలంటే డబ్బు కట్టమంటోంది. యాంటీవైరస్‌లు కూడా రెండున్నాయి.

వీటన్నిటికంటే ఆమె భయం వేరు. క్లయింట్ల ఖాతాలు, ఏళ్ల తరబడి పోగైన ఫోటోలు, చనిపోయిన నాన్నగారి గొంతు రికార్డింగులు అన్నీ ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఉత్తరం చివర, గుర్తొచ్చి రాసినట్టుగా రెండు వాక్యాలున్నాయి. "ఈ మధ్య అప్పుడప్పుడు లోపలి నుంచి టిక్ టిక్ అని చప్పుడు వస్తోంది, ఫ్యాన్ అనుకుంటాను. కొన్ని ఫోటోలు తెరవబోతే గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది."

నేనే పాడుచేశానా, ఫార్మాట్ చేయించనా, కొత్తది కొననా అన్నది ఆమె ప్రశ్న.

సమాధానం

మీ ఉత్తరంలో ఆ చివరి రెండు వాక్యాలు చదివాక మిగతా విషయాలన్నీ కాసేపు పక్కన పెట్టాల్సి వచ్చింది. మీరూ అదే చెయ్యండి. ఫార్మాట్, కొత్త ల్యాప్‌టాప్, స్పీడు ఇవన్నీ రెండు రోజులు ఆగినా ఏమీ కాదు. మీ ఫైళ్లు ఆగలేకపోవచ్చు.

ఫ్యాన్ పాడైతే గరగరమంటుంది, లేదంటే ఆగకుండా హోరుమంటుంది. ఆగి ఆగి టిక్ మనడం, అదే రోజుల్లో కొన్ని ఫైళ్లు తెరుచుకోకపోవడం కలిసొస్తే మొదట అనుమానించాల్సింది హార్డ్‌డిస్క్‌ని. మీ ల్యాప్‌టాప్ వయసులో ఉన్న డిస్కుల్లో చాలావాటిలో పళ్లేల్లాంటి చక్రాలు నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంటాయి. వాటికి కొద్ది నానోమీటర్ల ఎత్తులో, తగలకుండా, చదివే హెడ్ అటూ ఇటూ కదులుతుంటుంది. చక్రం మీద ఏదైనా చోటు దెబ్బతింటే డిస్క్ వెంటనే ‘చదవలేకపోయాను’ అని చెప్పదు. హెడ్‌ని వెనక్కి తీసుకెళ్లి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కొన్ని సెకన్లు, ఒక్కోసారి నిమిషం కూడా పట్టొచ్చు. మీకు వినపడుతున్నది ఆ ప్రయత్నమే కావచ్చు. అంతసేపూ విండోస్ ఆ జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. మీకు మాత్రం కంప్యూటర్ స్లోగా ఉన్నట్టు, హ్యాంగ్ అయినట్టు కనిపిస్తుంది. అంటే మీరు వేగం సమస్య అనుకుంటున్నది, కనీసం కొంతవరకు, పోబోతున్న డిస్క్ ఇస్తున్న హెచ్చరిక కావచ్చు.

అందుకని ఈ రోజే ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తెచ్చుకుని కాపీ మొదలుపెట్టండి. ఏ వరుసలో చేస్తారన్నది ముఖ్యం. మళ్లీ ఎక్కడా దొరకనివి ముందు, అవి చిన్నవైతే ఇంకా ముందు. నాన్నగారి రికార్డింగులు మొదట చెయ్యండి. ఆడియో ఫైళ్లు కాబట్టి ఎక్కువ చోటు పట్టవు, త్వరగా అయిపోతాయి. తర్వాత ఖాతాలు. ఫోటోలు ఆఖర్న, అవి కూడా ఒక్కో ఫోల్డర్ చొప్పున. మొత్తం డ్రైవ్‌ని ఒకేసారి సెలెక్ట్ చేసి లాగితే మధ్యలో ఒక పాడైన ఫైలు దగ్గర అంతా ఆగిపోతుంది. ఏదైనా ఫైలు దగ్గర కదలకపోతే ‘స్కిప్’ నొక్కి ముందుకెళ్లండి. దానికోసం పట్టుబట్టి పదేపదే ప్రయత్నించడం డిస్క్‌కి ఇంకా భారం. కాపీ నడుస్తున్నంతసేపూ ఛార్జర్ పెట్టి ఉంచండి, ల్యాప్‌టాప్‌ని కదపొద్దు, స్లీప్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చండి.

చాలామంది ఇక్కడే రెండు చోట్ల దెబ్బతింటారు. ఒకటి, సి డ్రైవ్‌లో ఉన్నవి డి డ్రైవ్‌లో వేసి ‘బ్యాకప్ అయింది’ అనుకోవడం. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఒకటే డిస్క్ అయితే సి, డి అనేవి దాన్నే రెండు భాగాలు చేసి పెట్టిన పేర్లు. డిస్క్ పోతే రెండూ కలిసే పోతాయి. రెండోది, డెస్క్‌టాప్ మీద అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ బొమ్మని పెన్‌డ్రైవ్‌లో వేసుకోవడం. కింద ఎడమ మూల చిన్న బాణం గుర్తు ఉంటే అది షార్ట్‌కట్, ఒకట్రెండు కేబీలు ఉంటుంది, అందులో మీ లెక్కలేవీ ఉండవు. సాఫ్ట్‌వేర్ తెరిచి దాని లోపలి బ్యాకప్ ఆప్షన్‌తోనే ప్రతి కంపెనీకీ బ్యాకప్ తీసుకోండి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, సాఫ్ట్‌వేర్ లైసెన్స్ నంబరు కూడా రాసిపెట్టుకోండి. వాటి అవసరం తర్వాత అకస్మాత్తుగా వస్తుంది.

కాపీ అయ్యాక ఆ డ్రైవ్‌ని మరో కంప్యూటర్‌కి పెట్టి, ఫైళ్లు తెరిచి చూడండి. ఫైలు పేరు కనపడటం వేరు, అది తెరుచుకోవడం వేరు. రికార్డింగులు, ఖాతాలు క్లౌడ్‌లో కూడా ఒక ప్రతి పెట్టుకోండి. ఒకవేళ చప్పుడు ఎడతెగకుండా వస్తున్నా, డ్రైవ్ ఉన్నట్టుండి కనపడకుండా పోతున్నా ఇంక ప్రయత్నాలు ఆపి స్విచాఫ్ చేసెయ్యండి. అప్పుడు డేటా రికవరీ మీద ప్రత్యేకంగా పనిచేసేవాళ్ల దగ్గరికి వెళ్లడమే దారి. అది ఖర్చుతో కూడిన పని, తిరిగి వస్తాయన్న గ్యారంటీ కూడా ఉండదు. కానీ పాడవుతున్న డిస్క్‌ని ఆన్‌లో ఉంచిన ప్రతి గంటా ఆ కాస్త అవకాశాన్నీ తగ్గిస్తుంది.

ఇవన్నీ అయ్యేదాకా డిస్క్ చెక్, డీఫ్రాగ్ (డిస్క్ మీద ఫైళ్ల ముక్కల్ని సర్దే పని), ఆ స్పీడు సాఫ్ట్‌వేర్, ఫార్మాట్ ఏవీ వద్దు. ఇవన్నీ డిస్క్ చేత మామూలు కంటే ఎన్నో రెట్లు పని చేయించేవి.

డిస్క్ పరిస్థితి నిజంగా ఎలా ఉందో చూడటానికి ఒక మార్గం ఉంది. ప్రతి డిస్క్ తన ఆరోగ్యం లెక్కలు తానే రాసుకుంటుంది, దాన్ని స్మార్ట్ రిపోర్ట్ అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూడొచ్చు. పైన ‘గుడ్’ అని నీలం రంగులో ఉందా, ‘కాషన్’ అని పసుపులో ఉందా చూడండి. కింద పట్టికలో రీఅలొకేటెడ్ సెక్టార్స్, పెండింగ్ సెక్టార్స్ (డిస్క్‌లో పాడైన, అనుమానంగా ఉన్న చోట్ల లెక్కలు) అన్న వరసల్లో ‘రా వాల్యూస్’ కింద సున్నా కాకుండా అంకెలు ఉండి, అవి రోజురోజుకీ పెరుగుతుంటే డిస్క్ మార్చాల్సిందే. ‘గుడ్’ అని వచ్చినా మీరు చెప్పిన లక్షణాలతో నేనైతే ఆ డిస్క్‌ని నమ్మను. రిపోర్ట్ బాగుండి కూడా పోయే డిస్కులు ఉంటాయి.

ఇప్పుడు మిమ్మల్ని బాధపెడుతున్న ప్రశ్న. మీరే పాడుచేశారా? లేదు. మీ అబ్బాయి మాటలో ఎంత నిజముందో తర్వాత చెబుతాను, అది చాలా చిన్న భాగం.

లెక్కలు చేసే ప్రాసెసర్, నడుస్తున్న పనిని అప్పటికి పట్టుకుని ఉంచే ర్యామ్ మనిషిలా అలసిపోవు. 2018లో మీ ప్రాసెసర్ సెకనుకు ఎన్ని కూడికలు చేసేదో, దుమ్ము పట్టి వేడెక్కనంత వరకు, దాదాపు అన్నే ఇప్పుడూ చేస్తుంది. ‘దాదాపు’ అని ఎందుకంటున్నానంటే, 2018 జనవరిలో ప్రాసెసర్లలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే రెండు భద్రతా లోపాలు బయటపడ్డాయి. వాటిని సరిచేసిన అప్‌డేట్ల వల్ల మీలాంటి తరం ప్రాసెసర్లు కొన్ని పనుల్లో కాస్త వెనకబడ్డాయి. అది మీరు గమనించేంత పెద్దది కాదు. మారింది యంత్రం మీద పడే బరువు. 1995లో విండోస్ 95 నడవడానికి కనీసం 4 ఎంబీ ర్యామ్ చాలన్నారు. 2021లో వచ్చిన విండోస్ 11కి కనీసం 4 జీబీ కావాలన్నారు. పాతికేళ్లలో కనీస అవసరమే వెయ్యి రెట్లు పెరిగింది. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఆ కనీసమే. పైగా బ్రౌజర్, వీడియో కాల్, ఎక్సెల్, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కటీ 2018లో ఉన్నదానికంటే బరువెక్కాయి. మీరు చేసే పని అదే అయినా దాన్ని చేసే సాఫ్ట్‌వేర్ అది కాదు.

ర్యామ్ చాలకపోతే ఏమవుతుందో చెబితే మీ పది నిమిషాల సంగతి అర్థమవుతుంది. విండోస్ 10 లేచి నిలబడేసరికే 4 జీబీలో దాదాపు సగం పోతుంది. బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే మిగతాదీ అయిపోతుంది. అప్పుడు విండోస్ వెంటనే అవసరం లేదనుకున్న వాటిని హార్డ్‌డిస్క్ మీద రాసిపెట్టి, కావలసినప్పుడు తిరిగి తెస్తుంది. ర్యామ్ నుంచి ఒక సమాచారం రావడానికి సుమారు 100 నానోసెకన్లు. తిరిగే హార్డ్‌డిస్క్‌లో ఆ చోటు వెతికి తేవడానికి 10 మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వీటి మధ్య తేడా లక్ష రెట్లు. ర్యామ్ తీసుకున్న సమయాన్ని ఒక సెకను అనుకుంటే హార్డ్‌డిస్క్ తీసుకునేది దాదాపు 28 గంటలు. అదే తిరిగే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీ అనే డిస్క్ అయితే సుమారు 17 నిమిషాలు. మీరు కీబోర్డ్ మీద కొట్టిన అక్షరం తెర మీదికి రాకుండా ఆగినప్పుడు జరుగుతున్నది ఇదే. ఎక్సెల్‌కి కావలసిన ముక్క డిస్క్ మీదికి వెళ్లిపోయింది, డిస్క్ దాన్ని వెతుకుతోంది, అదే క్షణంలో యాంటీవైరస్ కూడా డిస్క్‌నే అడుగుతోంది.

దీన్ని మీ కళ్లతో చూడొచ్చు. కాపీలు అయిపోయాక, కంప్యూటర్ బిగుసుకుపోయినట్టు అనిపించినప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్నగా వస్తే కింద ‘మోర్ డీటెయిల్స్’ నొక్కండి. సీపీయూ, మెమరీ, డిస్క్ అని వరసలు ఉంటాయి. మీ విషయంలో సీపీయూ తక్కువగా ఉండి, మెమరీ 90 శాతం దగ్గర, డిస్క్ 100 శాతం దగ్గర ఉంటాయని నా అంచనా. డిస్క్ 100 శాతం అని చూపిస్తూనే కింద వేగం సెకనుకు 1 ఎంబీ కూడా ఉండకపోవచ్చు. అది చూసి కంగారు పడకండి. చిన్న చిన్న ముక్కలు వెతకడంలోనే దాని సమయమంతా పోతోందని అర్థం. ఆ వరస పేరు మీద నొక్కితే ఎవరు ఎక్కువ వాడుతున్నారో పైకి వస్తుంది. మీ రెండు యాంటీవైరస్‌లు, ఆ స్పీడు సాఫ్ట్‌వేర్ పైనే కనపడితే ఆశ్చర్యం లేదు.

అదే కిటికీలో ‘పెర్ఫార్మెన్స్’ ట్యాబ్‌లో సీపీయూ కింద ‘అప్ టైమ్’ అని ఉంటుంది. మీరు రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నా అక్కడ పదిహేను, ఇరవై రోజులు అని ఉండొచ్చు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం పూర్తిగా ఆగదు, ఉన్నది ఉన్నట్టు డిస్క్ మీద దాచి మర్నాడు అదే తెస్తుంది. ‘రీస్టార్ట్’ నొక్కినప్పుడే నిజంగా మొదటి నుంచి మొదలవుతుంది. వారానికోసారి రీస్టార్ట్ చెయ్యడం మీ పరిస్థితిలో కాస్త ఉపశమనం ఇస్తుంది.

మీ అబ్బాయి చెప్పినదాంట్లో నిజం ఆ స్పీడు సాఫ్ట్‌వేర్ వరకే. అది చూపించే ‘1,400 తప్పులు’ చాలావరకు రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే పట్టికలో, మిగిలిపోయిన పాత పేర్లు. కొన్ని లక్షల పేర్లు ఉండే చోట వెయ్యి పాతవి మిగిలినా వేగంలో తేడా తెలియదు. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించమని మైక్రోసాఫ్టే చెప్పింది, అవి తప్పుగా తీసేస్తే విండోసే లేవకపోవచ్చు కూడా. డబ్బు కట్టకండి, కార్డు నంబరు అసలే ఇవ్వకండి, తీసెయ్యండి. యాంటీవైరస్‌లు రెండూ తీసేసినా విండోస్‌లో ఉన్న డిఫెండర్ దానంతట అదే పని మొదలుపెడుతుంది, అది చాలు. టాస్క్ మేనేజర్‌లోనే ‘స్టార్టప్’ ట్యాబ్‌లో మీరు రోజూ వాడనివన్నీ రైట్‌క్లిక్ చేసి డిసేబుల్ చేసుకోండి. సౌండ్, టచ్‌ప్యాడ్ పేర్లున్న వాటిని మాత్రం వదిలెయ్యండి. ఇవి చేస్తే ఆ పది నిమిషాలు కొంత తగ్గొచ్చు. అంతకు మించి ఆశ పెట్టుకోకండి. మీ అబ్బాయితో మాట్లాడేటప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి ఆ డిస్క్ వరస చూపించండి. ఎవరేం నొక్కారన్న గొడవ పోయి, ఇద్దరూ ఒకే అంకెను చూస్తూ మాట్లాడుకోవడానికి వీలవుతుంది. కాపీలు చేసే పని అతనికే అప్పగించినా మంచిదే.

మీ ముందున్న దారులు చూద్దాం.

ఫార్మాట్ ఒక్కటే చేయిస్తే పోయిన ఏడాది జరిగిందే మళ్లీ జరుగుతుంది. పోయిన ఏడాది రెండు నెలలు ఎందుకు బాగుందో చూడండి. పోగైన సాఫ్ట్‌వేర్లు పోయాయి, ఫైళ్లు కొత్తగా, వరసగా, బహుశా డిస్క్‌లో దెబ్బతినని చోట రాయబడ్డాయి. తర్వాత అప్‌డేట్లు వచ్చాయి, మీకు అవసరమైన సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కటీ తిరిగి వచ్చాయి, ర్యామ్ మాత్రం 4 జీబీయే, డిస్క్ అదే. పైగా ఇప్పుడు డిస్క్ మీదే అనుమానం ఉంది. పాడవుతున్న డిస్క్‌ని ఫార్మాట్ చేసి అందులోనే మళ్లీ పని పెట్టుకోవడం మీ క్లయింట్ల ఖాతాలతో ప్రమాదం కొని తెచ్చుకోవడమే. ఈ దారి వద్దని గట్టిగా చెబుతాను.

రెండోది, హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించుకోవడం, ర్యామ్ 8 జీబీ చేయించుకోవడం. కొత్త ల్యాప్‌టాప్ కంటే చాలా తక్కువలో అయిపోతుంది. ఆన్ అవ్వడం నిమిషం లోపుకి వస్తుంది, ఎక్సెల్ బిగుసుకుపోవడం చాలావరకు పోతుంది. రెండిట్లో ఒకటే చేయించగలిగితే ఎస్‌ఎస్‌డీ ముందు, ఎందుకంటే ర్యామ్ చాలకపోయినా వెతుకులాట ఎస్‌ఎస్‌డీ మీద త్వరగా తెమిలిపోతుంది. చేయించే ముందు రెండు విషయాలు కనుక్కోండి. ర్యామ్ పెంచడానికి ఖాళీ స్లాట్ ఉందా, లేక బోర్డుకే అతికించేశారా? ఎస్‌ఎస్‌డీ పాత డిస్క్ ఉన్న చోటే పెడతారా, దానికి ఎం.2 అనే వేరే స్లాట్ ఉందా? పాత డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టు కొత్తదానికి క్లోన్ చేస్తామంటే ఒప్పుకోకండి. పాడైన డిస్క్ నుంచి క్లోన్ మధ్యలో ఆగిపోవచ్చు, పాత చెత్తంతా కూడా వచ్చేస్తుంది. విండోస్ కొత్తగా వేయించుకుని ఫైళ్లు బ్యాకప్ నుంచి తెచ్చుకోండి. పాత డిస్క్‌ని మాత్రం తిరిగి అడిగి తీసుకుని కొన్ని నెలలు భద్రపరచండి, ఏదో ఒక ఫైలు కాపీ చెయ్యడం మర్చిపోయామని తర్వాతే తెలుస్తుంది.

ఈ దారిలో ఒక ముల్లుంది. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడుకునేవాళ్లు విడిగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు వచ్చే ఏర్పాటు ఉంది. మీ ఏడో తరం ప్రాసెసర్ విండోస్ 11కి అధికారికంగా సరిపోయే జాబితాలో లేదు. ఏవో కిటుకులతో ఎక్కించేవాళ్లున్నారు, కానీ అలా ఎక్కించిన దానికి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. వేరేవాళ్ల లెక్కలు పెట్టుకునే యంత్రం మీద అది నాకు నచ్చని పని. కాబట్టి ఈ ఖర్చుతో ల్యాప్‌టాప్‌కి వేగం తిరిగి వస్తుంది, కానీ క్లయింట్ల లెక్కల పనికి వాడుకోవడానికి పరిమితమైన సమయమే దొరుకుతుంది. ఆ తర్వాత అదే ల్యాప్‌టాప్ మీద విండోస్ బదులు లినక్స్ మింట్ లాంటి ఉచిత సిస్టమ్ వేసి చదువుకి, సినిమాలకి, ఇంట్లో అందరికీ ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. మీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడిచేదైతే లినక్స్ మీ పనికి కుదరదు, ఇంటికి కుదురుతుంది.

మూడోది మీవారు అన్నట్టు కొత్తది కొనడం. ఆయన చెప్పిన కారణం సరైనది కాకపోయినా, మీ పనిని బట్టి చూస్తే ఆ నిర్ణయం తప్పు కాదు. క్లయింట్ల ఎదుట పరువు, సెక్యూరిటీ అప్‌డేట్లు, మళ్లీ కొన్నేళ్ల నిశ్చింత దక్కుతాయి. అయితే కొత్తది అన్నంత మాత్రాన వేగం వస్తుందని అనుకోకండి. 4 జీబీ ర్యామ్, ఈఎమ్‌ఎమ్‌సీ అనే నెమ్మది స్టోరేజీతో వచ్చే చవక మోడళ్లు కొన్న మొదటి నెలలోనే మీ పాతదాన్ని గుర్తుచేస్తాయి. ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి. ర్యామ్ 8 జీబీ కనీసం, బోర్డుకి అతికించిన ర్యామ్ అయితే తర్వాత పెంచుకోలేరు కాబట్టి 16 తీసుకోండి. సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కొత్త కంప్యూటర్‌కి మారుతుందో లేదో కొనేముందే కనుక్కోండి, కొన్నిటికి పాతదాంట్లో ముందు డీయాక్టివేట్ చెయ్యాలి.

నాకు తోచింది అడిగితే, డబ్బుకి ఇబ్బంది లేకపోతే పనికి కొత్తది, పాతదాంట్లో చిన్న ఎస్‌ఎస్‌డీ వేసి ఇంటికి. ఇప్పుడు అంత పెట్టడం కష్టమైతే ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ వేయించుకుని, అప్‌డేట్ల గడువుకి నమోదు చేసుకుని, ఈలోగా కొత్తదానికి కూడబెట్టుకోండి. ఒక్క సందర్భంలో మాత్రం పాతదాని మీద రూపాయి కూడా పెట్టొద్దు. అడుగుభాగం ఉబ్బినట్టున్నా, టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఛార్జింగ్ ఆపి, వాడకం ఆపి, బ్యాటరీ తీయించండి. దాంతోపాటు హింజ్ విరిగి, బాడీ కూడా పాడైతే మరమ్మతు ఖర్చు ఒకదాని మీద ఒకటి పెరుగుతూనే ఉంటుంది.

రిపేరు అతని మీద కోపం పెట్టుకోకండి, ఫార్మాట్ చాలామందికి నిజంగానే పనిచేస్తుంది. కానీ ల్యాప్‌టాప్ అప్పగించేటప్పుడు ‘నన్ను అడగకుండా ఫార్మాట్ చెయ్యకండి’ అని కాగితం మీద రాసి ఇవ్వండి. స్మార్ట్ రిపోర్ట్ తెర మీద చూపించమనండి. ఇంట్లో కాపీ సరిగా సాగకపోతే డిస్క్ బయటకు తీసి, యూఎస్‌బీ కేబుల్‌తో వేరే కంప్యూటర్‌కి కలిపి కాపీ చెయ్యమనండి. విండోస్ అదే డిస్క్ మీద నడవకుండా ఉన్నప్పుడు కాపీ మెరుగ్గా సాగుతుంది. ఎలాగూ విప్పుతారు కాబట్టి ఫ్యాన్‌లో దుమ్ము తీయించండి. అడుగున గాలి పోయే సందులు మూసుకుపోతే ప్రాసెసర్ మాడిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది, ఎస్‌ఎస్‌డీ వేశాక కూడా వీడియో కాల్‌లో నెమ్మదిస్తే కారణం అదే కావచ్చు.

ఇవన్నీ తేలడానికి వారం, పది రోజులు పట్టొచ్చు, ఈలోగా క్లయింట్ల కాల్స్ ఆగవు. వీలైతే ఆ పది రోజులు కాల్స్ ఫోన్‌లో మాట్లాడి, ఫైళ్లు ముందే మెయిల్ చేసెయ్యండి. స్క్రీన్ చూపించక తప్పని రోజు అరగంట ముందు రీస్టార్ట్ చేసి, డిస్క్ శాతం తగ్గేదాకా ఏమీ ముట్టుకోకుండా వదిలెయ్యండి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ ఏడు రోజులు ఆపుకునే వీలుంది, ముందు రోజే ఆపండి, కాల్ అయ్యాక తిరిగి పెట్టండి. బ్రౌజర్‌లో ఆ ఒక్క ట్యాబ్ తప్ప అన్నీ మూసెయ్యండి. చూపించాల్సిన ఎక్సెల్ ఫైలు కాల్ మొదలవ్వకముందే తెరిచి ఉంచండి. కెమెరా ఆపి, మొత్తం తెర బదులు ఆ ఒక్క కిటికీనే షేర్ చెయ్యండి.